షాపుకొచ్చి సిమ్ గురించి అడిగిన ఎంఐ వాళ్ళెవరు, వాళ్ళకి ఏం అధికారం ఉంది?

తమ్ముడూ, ముందు నువ్వు అడిగింది కుదించి రాస్తున్నా, మిగతావాళ్ళకి కూడా తెలియాలి కదా. బరంపురం నుంచి గోపాల్‌పూర్ పోయే రోడ్డు మీద మీ నాన్నగారి మొబైల్ షాపు, రీచార్జులు, సిమ్‌లు, జిరాక్సు. ఎయిర్ డిఫెన్స్ కాలేజీ జవాన్లు చాలామంది మీ కస్టమర్లే. రెండు వారాల కింద సివిల్ డ్రెస్‌లో ఇద్దరు వచ్చి ఎంఐ నుంచి వచ్చాం అని చెప్పి, ఒక నంబరు చూపించి, ఈ సిమ్ ఎవరికిచ్చారు, వాడు మళ్ళీ వచ్చాడా అని అడిగి వెళ్ళిపోయారు. అప్పట్నుంచి మీ అమ్మగారికి నిద్ర లేదు. నీ ప్రశ్నలేటంటే, వీళ్ళు రా వాళ్ళా పోలీసులా, ఈ శాఖ ఎప్పట్నుంచి ఉంది ఏం చేస్తుంది, ఏ తప్పూ చెయ్యని మమ్మల్ని ఇందులో ఇరికించేస్తారా అని.

నేను ఆర్మీ సిగ్నల్స్‌లో చేసి సుబేదార్‌గా రిటైరయ్యి ఛత్రపూర్‌లో ఉంటున్నా. సర్వీసు చివర్లో యూనిట్ సెక్యూరిటీ పని నా మీద ఉండేది, అంటే ఇంటెలిజెన్స్ కోర్ వాళ్ళు చెప్పింది జవాన్లకి అర్థమయ్యేలా చెప్పడం, జవాన్ల దగ్గర్నుంచి వచ్చింది వాళ్ళకి అందించడం. వాళ్ళ పని దగ్గర్నుంచి చూశాను కాబట్టి రాస్తున్నా, బయటికి చెప్పకూడనివి మాత్రం రాయను, కోర్టు తీర్పుల్లో పేపర్లలో వచ్చినవే ఇక్కడ ఉంటాయి.

ఎంఐ అంటే మిలటరీ ఇంటెలిజెన్స్, ఆర్మీ సొంత శాఖ. రా వేరు, అది 1968లో పెట్టింది, బయటి దేశాల సంగతి చూసుకుంటుంది, నీ షాపుకి రాదు. దేశం లోపల గూఢచారుల సంగతి చూసే పెద్ద బాధ్యత ఐబీది, అంటే ఇంటెలిజెన్స్ బ్యూరోది, దాని మూలాలు 1887 దాకా వెళ్తాయి, హోం శాఖ కింద ఉంటుంది. ఎన్ఐఏ 2008లో ముంబై దాడి తర్వాత వచ్చింది, కేసు రాసి దర్యాప్తు చేసి కోర్టుకి తీసుకెళ్ళే సంస్థ అది. కార్గిల్ తర్వాత 2002లో మూడు దళాలకీ కలిపి డిఫెన్స్ ఇంటెలిజెన్స్ ఏజెన్సీ అని ఇంకొకటి పెట్టారు. ఇవన్నీ ఉన్నా ఆర్మీకి ఆర్మీది, నేవీకి నేవీది, ఎయిర్‌ఫోర్స్‌కి ఎయిర్‌ఫోర్స్‌ది విడిగా ఇంటెలిజెన్స్ ఉంది, ఎందుకంటే యూనిట్ లోపల ఏం జరుగుతోందో యూనిఫాం వేసుకున్నవాడికి తెలిసినట్టు బయటివాడికి తెలీదు.

ఈ మిలటరీ ఇంటెలిజెన్స్‌లో రెండు పనులుంటాయి. అవతలివాడి బలగం ఎక్కడుంది ఏం చేస్తోంది అని తెలుసుకోవడం ఒకటి. మన సంగతి అవతలివాడికి తెలియకుండా చూడటం రెండోది, దీన్నే కౌంటర్ ఇంటెలిజెన్స్ అంటారు, మీ షాపుకి వచ్చింది ఈ రెండో పని మీద. ఇందులో ఛేజింగులు, తుపాకులు ఉంటాయనుకునేవాళ్ళకి చెప్తున్నా, తొంభై పాళ్ళు కాగితం పని, మాట్లాడే పని. కొత్తగా చేరినవాడి ఊరు, చదువు సరిగ్గా ఉన్నాయా, గేటు పాసు ఎవరెవరికి ఇచ్చారు, కాంట్రాక్టరు తెచ్చిన కూలీలు ఎవరు, ఏ ఫైలు ఎవరి చేతుల్లోంచి వెళ్తోంది, ఆన్‌లైన్ రమ్మీలో డబ్బులు పోగొట్టుకుని అప్పుల్లో మునిగిన కుర్రాడు ఎవరు, ఇలాంటివి. చివరిది చాలా ముఖ్యం. అప్పున్న కుర్రాడిని అవతలివాడు కనిపెట్టేలోపు మనవాళ్ళు కనిపెట్టి, సీఓ సాబ్‌తో, అంటే యూనిట్ కమాండింగ్ ఆఫీసర్‌తో, మాట్లాడించి ఏదో దారి చూపిస్తే అక్కడితో అయిపోతుంది, అరెస్టు లేదు, పేపర్లో పేరు లేదు. అలా ఆగిపోయినవి ఎవరికీ తెలియవు. నా దృష్టిలో ఈ శాఖ చేసే అసలు మేలు అదే, పట్టుకోవడం కంటే పడిపోకుండా ఆపడం.

ఒకటి దగ్గర్నుంచి చూపిస్తా. మధ్యాహ్నం రెండు దాటాక, ఆఫీసులు ఖాళీగా ఉండే టైము, యూనిట్ ఎక్స్ఛేంజికి ఒక ఫోన్ వస్తుంది. స్క్రీన్ మీద ఢిల్లీ ల్యాండ్‌లైన్ నంబరు లాగే కనిపిస్తుంది. అవతల మంచి ఫౌజీ హిందీ, గొంతులో ఆఫీసరు దర్పం, హెడ్‌క్వార్టర్ నుంచి మేజర్ ఫలానా మాట్లాడుతున్నా, మీ సీఓ సాబ్ లీవు నుంచి వచ్చేశారా, టూఐసీ (సీఓ తర్వాతి ఆఫీసరు) సాబ్ మొబైల్ నంబరు ఇవ్వు, మీ మూవ్ (యూనిట్ వేరే చోటికి మారడం) ఎప్పుడో ట్రైన్ వివరాలు ఇంకా మాకు రాలేదు, ఎంతసేపు అని గద్దిస్తాడు. కొత్త కుర్రాడైతే ర్యాంకు వినగానే లేచి నిలబడిపోయి చెప్పేస్తాడు. నేర్పినవాడు ఏం చేస్తాడంటే, జైహింద్ సాబ్, మీ ఎక్స్ఛేంజి పేరు చెప్పండి, నేను మిలటరీ లైన్ మీద తిరిగి చేస్తాను అంటాడు. లైన్ కట్ అయిపోతుంది. అప్పుడు వాడు రిజిస్టర్ తీసి టైము, నంబరు, అడిగిన ప్రశ్నలు ఉన్నవి ఉన్నట్టు రాస్తాడు. ఇలాంటివాటిని ఆర్మీలో పీఐఓ కాల్స్ అంటాం, పాకిస్తాన్ ఇంటెలిజెన్స్ వాళ్ళు చేసేవి. ఆ రిజిస్టర్ విలువ అక్కడ కూర్చున్న కుర్రాడికి తెలీదు, కానీ నాలుగైదు యూనిట్ల రిజిస్టర్లు పక్కపక్కన పెట్టి చూస్తే అవతలివాడు ఈ నెలలో దేని కోసం వెతుకుతున్నాడో తెలిసిపోతుంది. వాడు అడిగే ప్రశ్నలే వాడి అవసరాన్ని బయటపెడతాయి.

ఇక చరిత్ర. నువ్వు మామూలుగా అడిగావు కానీ నీ మూడో ప్రశ్నకి, అదే ఇరికిస్తారా అన్నదానికి, జవాబు ఈ చరిత్రలోనే ఉంది, అందుకే కాస్త ఎక్కువ రాస్తా. ఇరికించిన రోజులు ఉన్నాయి. దాచడం దేనికి.

అన్నిటికంటే పెద్దది ఫ్రాన్స్‌ది. 1894లో ఫ్రెంచి ఆర్మీకి గూఢచారుల్ని పట్టే ఒక చిన్న విభాగం ఉండేది, పేరు మాత్రం స్టాటిస్టికల్ సెక్షన్, ఎవరికీ అనుమానం రాకుండా. పారిస్‌లో జర్మన్ ఎంబసీలో ఊడ్చే ఒకావిడ చెత్తబుట్టలోని కాగితం ముక్కలు పోగేసి వీళ్ళకి ఇచ్చేది. అందులో చింపేసిన ఒక చీటీ దొరికింది, ఫ్రెంచి ఆఫీసరెవరో ఫిరంగుల వివరాలు అమ్ముతానని జర్మన్లకి రాసిన లిస్టు. ఇంతవరకు మంచి పనే. తర్వాత ఏమైందంటే, ఆర్టిలరీ కెప్టెన్ ఆల్‌ఫ్రెడ్ డ్రేఫస్ మీద అనుమానం పడింది. ఆయన యూదుడు, చేతిరాత కొంచెం కలిసినట్టు ఉంది, అంతకుమించి ఏమీ లేదు. కేసు బలంగా లేదని తెలిసి ఒక సీక్రెట్ ఫైలు తయారుచేసి జడ్జీలకి మాత్రం చూపించారు, డ్రేఫస్‌కీ ఆయన లాయరుకీ చూపించలేదు. శిక్ష పడింది, 1895 జనవరిలో అందరి ముందూ ఆయన భుజాల మీద గుర్తులు చింపేసి కత్తి విరిచేసి, సముద్రం మధ్యలో డెవిల్స్ ఐలాండ్‌కి పంపేశారు. 1896లో అదే సెక్షన్‌కి కొత్తగా వచ్చిన అధికారి పికార్ అనే ఆయన పాత కాగితాలు మళ్ళీ చూస్తే ఆ చేతిరాత ఎస్టర్‌హేజీ అనే మేజర్‌దని తేలింది. ఆయన పైవాళ్ళకి చెప్పాడు. పైవాళ్ళు ఏం చేశారు, పికార్‌నే ట్యునీషియాకి బదిలీ చేసేశారు, ఆ సెక్షన్‌లోనే ఇంకో అధికారి డ్రేఫస్‌కి వ్యతిరేకంగా దొంగ ఉత్తరం సృష్టించాడు. అది దొంగ ఉత్తరమని 1898లో బయటపడింది. డ్రేఫస్ నిర్దోషి అని కోర్టు పూర్తిగా తేల్చింది 1906లో, పన్నెండేళ్ళకి.

ఇక్కడ చాలామంది ఒక అమాయకుడికి జరిగిన అన్యాయం అంతవరకే చూస్తారు. సెక్యూరిటీ పని చేసినవాడిగా నాకు ఇంకోటి కనిపిస్తుంది, అమాయకుడు దీవిలో ఉన్నంతకాలం అసలు దొంగ బయటే ఉన్నాడు. తప్పు మనిషిని పట్టుకుంటే అన్యాయం ఒక్కటే కాదు, కన్నం అలాగే తెరిచి ఉంటుంది. మంచి కౌంటర్ ఇంటెలిజెన్స్ వాడు అనుమానం వచ్చినప్పుడు సంతోషపడడు, ఇంకో మనిషి అయ్యుండొచ్చా అని మళ్ళీ మళ్ళీ చూస్తాడు. పికార్ చేసింది అదే.

తర్వాత ఇరవయ్యో శతాబ్దంలో అన్ని దేశాలూ పెట్టుకున్నాయి. ఇంగ్లండ్‌లో 1909లో వెర్నన్ కెల్ అనే ఆర్మీ కెప్టెన్‌తో మొదలైందే తర్వాత ఎంఐ5 అయింది. అమెరికా ఆర్మీ 1917లో యాభైమందితో మొదలుపెట్టింది. రష్యా సంగతి వేరు, అక్కడ 1918 డిసెంబరులోనే సైన్యం లోపల స్పెషల్ డిపార్ట్‌మెంట్లు పెట్టారు, 1943లో స్టాలిన్ దాన్ని స్మెర్ష్ అని మార్చి నేరుగా తన కింద పెట్టుకున్నాడు. వాళ్ళు జర్మన్ గూఢచారుల్ని పట్టుకున్నది నిజం, అదే చేత్తో సొంత సైనికుల్ని కూడా పట్టుకున్నారు. 1945 ఫిబ్రవరిలో యుద్ధంలో ముందు వరసలో ఉన్న ఒక ఆర్టిలరీ కెప్టెన్‌ని, స్నేహితుడికి రాసిన ఉత్తరాల్లో స్టాలిన్‌ని విమర్శించాడని తీసుకెళ్ళిపోయారు, ఎనిమిదేళ్ళ శిక్ష. ఆయనే తర్వాత సాహిత్యంలో నోబెల్ అందుకున్నాడు. దేశానికి ద్రోహం చెయ్యడం, పాలకుడి మీద కోపం ఉండటం రెండూ ఒకటి కాదు. ఆ తేడా చూడలేని శాఖకి పాలకుడి భయమే డ్యూటీ అయిపోతుంది.

జర్మనీ వాళ్ళది తప్పకుండా చెప్పాలి, ఎందుకంటే తప్పు చేసి దిద్దుకున్నారు. రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక కొత్త సైన్యం పెట్టినప్పుడు 1956లో ఎంఏడీ అనే మిలటరీ కౌంటర్ ఇంటెలిజెన్స్ శాఖ పెట్టారు. సైన్యంలో గూఢచర్యం, విధ్వంసం, తీవ్రవాద భావాలున్నవాళ్ళు చొరబడటం, ఇవి చూడటం దాని పని. 1983లో గ్యుంటర్ కీస్లింగ్ అనే నాలుగు స్టార్ల జనరల్, నాటోలో చాలా పెద్ద పదవి, ఆయన స్వలింగ సంపర్కుడనీ కాబట్టి ఎవరైనా బ్లాక్‌మెయిల్ చెయ్యొచ్చనీ ఎంఏడీ రిపోర్టు ఇచ్చింది. కొలోన్‌లో కొన్ని బార్లలో ఆయన్ని చూశామన్నారు. చూసింది ఆయన పోలికలున్న వేరే మనిషిని. ఏడాది చివర్లో ఆయన్ని ఇంటికి పంపేశారు, అది పేపర్లకెక్కి పెద్ద గొడవై 1984 ఫిబ్రవరిలో మళ్ళీ పదవిలోకి తీసుకుని గౌరవంగా పంపాల్సి వచ్చింది. చూడు, అంత పెద్ద జనరల్‌కే ఇలా జరిగిందంటే మామూలు జవాను సంగతేంటి. ఆ తర్వాత 1990లో ఎంఏడీకి విడిగా చట్టం చేశారు, ఏం చెయ్యొచ్చు ఏం చెయ్యకూడదు అని రాసిపెట్టి, దాన్ని చూడటానికి పార్లమెంటు కమిటీ ఉంది. 2017 నుంచి సైన్యంలో చేరే ప్రతివాడినీ ముందే వెరిఫై చేస్తున్నారు. అంటే వడపోత గుమ్మం దగ్గరే పెట్టుకున్నారు, తర్వాత వెంటపడటం కంటే అది నయం.

ఇక మన దేశం. మన ఇంటెలిజెన్స్ కోర్ 1942లో పుట్టింది, జపాన్ వాళ్ళు బర్మా దాకా వచ్చేసిన రోజులవి. ఆ ఏడాది ఏప్రిల్ 6న విశాఖపట్నం, కాకినాడ మీద బాంబులు వేశారు. ఈ కోర్‌కి ట్రైనింగ్ స్కూలు పుణెలో ఉంది, నవంబర్ 1న కోర్ డే చేసుకుంటారు, నినాదం సదా సతర్క్. 1962, 65, 71 యుద్ధాలన్నిట్లోనూ వీళ్ళున్నారు. మచ్చ కూడా ఉంది. సాంబా కేసు విన్నావా? జమ్మూ దగ్గర సాంబాలో 1978, 79 ప్రాంతంలో ఒకే బ్రిగేడ్‌కి చెందిన యాభైమంది దాకా ఆఫీసర్లనీ జవాన్లనీ పాకిస్తాన్ గూఢచారులని పట్టుకున్నారు. దీనికి మూలం ముందే దొరికిన ఇద్దరు గన్నర్ల వాంగ్మూలం. వాళ్ళు పేర్లు చెప్పారు, పట్టుబడినవాళ్ళు ఇంటరాగేషన్‌లో ఇంకొన్ని పేర్లు చెప్పారు, అలా సాగిపోయింది. ఏళ్ళ తర్వాత ఆ గన్నర్లలో ఒకడు నేను చెప్పింది అబద్ధం అన్నాడు. ఢిల్లీ హైకోర్టు 2000 డిసెంబరులో ఇది ఘోర అన్యాయం అంటూ శిక్షలు కొట్టేసింది, తర్వాత 2006లో సుప్రీంకోర్టు ఆ తీర్పుని పక్కన పెట్టింది. కోర్టులు చెప్పిన దాని మీద నేను తీర్పు చెప్పను, కానీ ఒకటి మాత్రం గట్టిగా నమ్ముతా, ఇంటరాగేషన్‌లో చెప్పించిన పేరు సాక్ష్యం కాదు. కాగితం, డబ్బు, ఫోన్ రికార్డు, ఏదో ఒకటి దానంతట అదే నిలబడాలి. ఇస్రో సైంటిస్టు నంబి నారాయణన్ గారి కేసు ఆర్మీది కాదు గానీ దారి అదే, 1994లో అరెస్టు, 2018లో సుప్రీంకోర్టు ఆయనకి 50 లక్షల పరిహారం ఇమ్మంది.

ఇదంతా చదివి భయపడకు. గత పదేళ్ళలో పని పద్ధతి చాలా మారింది, ముఖ్యంగా ఫోన్లు వచ్చాక రుజువులు మాటల్లో కాదు డేటాలో ఉంటున్నాయి. మన వైపు జరిగినవే చూడు. 2019 డిసెంబరులో విశాఖ గూఢచర్యం కేసులో ఏడుగురు నేవీ కుర్రాళ్ళనీ ఒక హవాలా వాడినీ పట్టుకున్నారు, ఆపరేషన్ డాల్ఫిన్స్ నోస్ అని పేరు. ఆంధ్ర పోలీసుల కౌంటర్ ఇంటెలిజెన్స్ సెల్, నేవీ ఇంటెలిజెన్స్, కేంద్ర ఏజెన్సీలు కలిసి చేశాయి, తర్వాత ఎన్ఐఏ తీసుకుంది. ఆరోపణ ఏంటంటే ఫేస్‌బుక్‌లో అమ్మాయిల పేరుతో పరిచయమై, ఓడలు సబ్‌మెరైన్లు ఎక్కడున్నాయో వీళ్ళ చేత చెప్పించుకున్నారని. అంతా చిన్న వయసు కుర్రాళ్ళు. ఆ వెంటనే నేవీ తన బేసుల్లో, ఓడల మీద స్మార్ట్‌ఫోన్లు ఆపేసింది, 2020 జూలైలో ఆర్మీ 89 యాప్‌లు తీసెయ్యమంది, ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ కూడా అందులో ఉన్నాయి. మన ఒడిశాలో చాందీపూర్ మిసైల్ రేంజి దగ్గర ఇంకా దారుణం, 2015లో ఒక కాంట్రాక్టు ఫొటోగ్రాఫర్ దొరికాడు, బాలాసోర్ కోర్టు 2021లో యావజ్జీవం వేసింది, అదే 2021 సెప్టెంబరులో మళ్ళీ నలుగురు కాంట్రాక్టు ఉద్యోగుల్ని ఒడిశా పోలీసులు అరెస్టు చేశారు. కింది ఉద్యోగులే అనుకోకు, 2018లో ఎయిర్‌ఫోర్స్‌లో గ్రూప్ కెప్టెన్ స్థాయి ఆఫీసర్‌ని ఇలాంటి ఆరోపణ మీదే ముందు ఎయిర్‌ఫోర్స్ వాళ్ళు పట్టుకుని ఢిల్లీ పోలీసులకి అప్పజెప్పారు.

కుర్రాళ్ళు ఎలా పడతారో నేను క్లాసుల్లో చెప్పేవాణ్ణి. నర్సింగ్ చదువుతున్నా అనో, మా నాన్న కూడా ఫౌజీయే అనో మొదలవుతుంది. నంబరు +91తోనే ఉంటుంది కాబట్టి మనవాడికి అనుమానం రాదు. మొదటి వారం తిన్నావా, పడుకున్నావా. రెండో వారం యూనిఫాంలో ఫొటో పెట్టవా. తర్వాత నీ పోస్టింగ్ దగ్గరే మా పిన్ని వాళ్ళున్నారు, వస్తే కలుద్దాం, అక్కడే ఉంటావా వేరే చోటికి వెళ్తావా. ఈ ప్రశ్నకి జవాబు చెప్పాడంటే యూనిట్ మూవ్ చెప్పేసినట్టే, వాడికి ఆ సంగతే తెలీదు. ఇంకొన్నాళ్ళకి ఒక లింకో యాపో పంపిస్తారు, అది ఎక్కించుకుంటే ఫోన్ మొత్తం అవతలివాడి చేతిలో ఉన్నట్టే. కుర్రాడు భయపడి ఆపేద్దామంటే అప్పుడు పాత స్క్రీన్‌షాట్లు చూపించి బెదిరింపు. ఈ ఘట్టంలో వాడు వచ్చి సుబేదార్ సాబ్‌కో ఆఫీసర్‌కో చెప్పుకుంటే బయటపడే దారి ఉంటుంది, చెప్పకుండా దాస్తేనే మునిగిపోతాడు. చెప్పినవాడిని తిట్టకుండా వినే వాతావరణం యూనిట్‌లో లేకపోతే ఎంత సెక్యూరిటీ పెట్టినా దండగ, నేను సర్వీసులో ఉన్నంతకాలం దీని కోసమే పోట్లాడాను.

ఇప్పుడు నీ షాపు దగ్గరికి వద్దాం. ఆ +91 నంబరు ఎక్కడ్నుంచి వచ్చింది అన్నదే వాళ్ళు మీ దగ్గరికి రావడానికి కారణం అయ్యుండొచ్చు. 2023 మేలో ఒడిశా పోలీసుల ఎస్టీఎఫ్ (స్పెషల్ టాస్క్ ఫోర్స్) ముగ్గుర్ని అరెస్టు చేసింది. వేరేవాళ్ళ పేర్ల మీద సిమ్‌లు సంపాదించి, వాటికి వచ్చే ఓటీపీలు పాకిస్తాన్ ఏజెంట్లకి అమ్మేవారని కేసు. అర్థమైందా, సిమ్ ఇక్కడే ఉంటుంది, ఓటీపీ ఒక్కటి చెప్తే వాట్సాప్ అకౌంటు అక్కడ తెరుచుకుంటుంది, జవానుకి మాత్రం మన నంబరే కనిపిస్తుంది. ఆ సిమ్‌లు ఎలా పుడతాయంటే, పల్లెటూరి ముసలాయన సిమ్ కోసం వస్తాడు, వేలిముద్ర సరిగ్గా పడలేదు మళ్ళీ పెట్టు తాతా అంటారు, రెండో ముద్రకి ఇంకో సిమ్ యాక్టివేట్ అయిపోతుంది. మీ నాన్నగారు అలాంటి మనిషి కాకపోవచ్చు, కానీ షాపులో పనిచేసే కుర్రాడు ఉన్నాడా, వాడి చేతికి ఏజెంటు లాగిన్ ఇచ్చారా, ఇది ఈ రోజే కనుక్కో.

అధికారం సంగతి. ఎంఐ వాళ్ళకి జవాను మీద ఆర్మీ చట్టం 1950 ప్రకారం అధికారం ఉంటుంది, కోర్టు మార్షల్ దాకా వెళ్తుంది. సివిలియన్‌ని అరెస్టు చేసే అధికారం, షాపు సోదా చేసే అధికారం, ఫోన్ లాక్కునే అధికారం మన జిల్లాల్లో వాళ్ళకి లేవు. వాళ్ళు అడగొచ్చు, నువ్వు చెప్పొచ్చు. విషయం ఉందనుకుంటే పోలీసులకి చెప్తారు, పోలీసులే కేసు రాస్తారు, అందుకే పైన చెప్పిన కేసులన్నిట్లో సివిలియన్లని పట్టుకుంది పోలీసులో ఎన్ఐఏనో. పోలీసులు సాక్షిగా పిలవాలంటే బీఎన్ఎస్ఎస్ (పాత సీఆర్పీసీ బదులు వచ్చిన చట్టం) సెక్షన్ 179 కింద రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలి, కాగితాలు కావాలంటే 94 కింద అడగాలి. గూఢచర్యానికి వాడే చట్టం 1923 నాటి అధికార రహస్యాల చట్టం, సెక్షన్ 3లో రక్షణ సంబంధమైతే 14 ఏళ్ళ దాకా జైలు. సిమ్ మోసానికి 2023 టెలికాం చట్టంలో మూడేళ్ళ జైలు లేదా 50 లక్షల దాకా జరిమానా లేదా రెండూ. కస్టమర్‌కి నిజాయితీగా కేవైసీ చేసి సిమ్ అమ్మిన షాపువాడి మీద ఇవేవీ పడవు, తెలిసి చేశాడా లేదా అన్నదే అక్కడ ప్రశ్న.

ఇంకో మాట కూడా మనసులో ఉంది. మన దేశంలో ఇంటెలిజెన్స్ సంస్థల్ని చూడటానికి జర్మనీలో లాగ పార్లమెంటు కమిటీ లేదు, ఐబీకి గానీ రాకి గానీ ఎంఐకి గానీ విడిగా చట్టమే లేదు. ఉండాలి. నేను యూనిఫాం వేసుకున్నవాణ్ణి, ఈ శాఖని గౌరవించేవాణ్ణి కాబట్టే అంటున్నా, చట్టం ఉంటే మంచి అధికారికి అండ, పికార్ లాంటివాడిని ట్యునీషియాకి పంపెయ్యడం కష్టమవుతుంది.

సరే, చెయ్యాల్సింది ఇది. ఆ ఇద్దరూ నిజంగా ఎంఐ వాళ్ళేనా అన్నది ముందు తేల్చుకో, ఎందుకంటే ఆర్మీ పేరు చెప్పుకుని తిరిగే దొంగలు కూడా ఉన్నారు, పాత సామాన్లు అమ్మే యాప్‌లలో ఫౌజీ ఐడీ కార్డు ఫొటో పంపి క్యూఆర్ కోడ్‌తో డబ్బులు లాగేవాళ్ళు నీకు తెలిసే ఉంటారు. మీ పోలీస్ స్టేషన్‌కి నాన్నగారిని తీసుకుని నువ్వే వెళ్ళు, ఫలానా రోజు ఫలానా టైముకి ఇద్దరు వచ్చి ఈ నంబరు గురించి అడిగారు అని ఒక కాగితం మీద రాసిచ్చి, రిసీవ్డ్ అని స్టాంపు వేయించుకుని ఒక కాపీ తెచ్చుకో. నిజమైనవాళ్ళయితే దీనికేం కోపగించుకోరు, వాళ్ళకీ పని సులువవుతుంది. దొంగలైతే పోలీసులకి తెలిసిపోతుంది. షాపులో సీసీ కెమెరా ఉంటే ఆ రోజు ఫుటేజి చెరిగిపోకముందే తీసి పెన్‌డ్రైవ్‌లో వేసుకో. ఆ సిమ్ అమ్మిన తేదీ, ఏ కంపెనీ, కేవైసీ ఎవరు చేశారు, ఇవి ఒక పేజీలో రాసుకో, గుర్తులేనిది గుర్తులేదనే రాయి, ఊహించి ఎవరి పేరూ చెప్పకు. సాంబాలో జరిగింది చదివావు కదా. కేంద్ర టెలికాం శాఖ వాళ్ళ సంచార్ సాథీ వెబ్‌సైట్‌లో మీ ఇంట్లో అందరి పేర్ల మీద ఎన్ని నంబర్లున్నాయో చూడు, తెలియని నంబరుంటే అక్కడే రిపోర్ట్ కొట్టు. ఏజెంటు లాగిన్ పాస్‌వర్డు మార్చి నాన్నగారి దగ్గరే ఉంచు.

ఆ ఇద్దరూ మళ్ళీ వస్తే కుర్చీ వేసి కూర్చోబెట్టి, పేరు, యూనిట్, ఐడీ అడుగు, అడగడం నీ హక్కు. తెలిసింది చెప్పు. షాపు లాగిన్ గానీ ఫోన్ గానీ చేతికివ్వకు, కావాలంటే స్టేషన్‌లో ఇస్తామని మర్యాదగా చెప్పు. షాపుకొచ్చే జవాన్లతో ఈ సంగతి మాట్లాడకు, వాట్సాప్ గ్రూపుల్లో ఆ నంబరు పెట్టకు, ఆ సిమ్ వాడినవాడు ఇంకా బయటే ఉంటే వాడిని మనమే హెచ్చరించినట్టవుతుంది. ఇక్కడ నువ్వు నంబరు చివరి నాలుగు అంకెలు రాశావు, అవి ఎడిట్ చేసి తీసెయ్. స్టేషన్‌కి వెళ్ళొచ్చాక ఏమన్నారో పేర్లు లేకుండా రాయి, నోటీసు లాంటిది ఏదైనా చేతికొస్తే అందులో ఏ సెక్షన్ రాశారో చెప్పు, దాన్నిబట్టి లాయరు కావాలో అక్కర్లేదో చెప్తా.